కప్పు కారుతున్న ఇంట్లో సమాధానం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగు చేయించి చూడు అని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ పాఠం మా అమ్మ అరవై మూడో ఏట నేర్చుకుంది.

మాది ఒడిశాలోని బరంపురం. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. అమ్మ నర్సుగా పనిచేసి రిటైరైంది. నాన్న కట్టించిన రెండు గదుల ఇల్లు మాది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నుంచే మా పైకప్పు కారడం మొదలైంది. అమ్మ ఏళ్ళ తరబడి తారు పూయించి, ప్లాస్టిక్ పట్టా కప్పి నెట్టుకొచ్చింది. రిటైర్మెంటు డబ్బు చేతికి వచ్చాక కప్పుకి వాటర్‌ప్రూఫింగు, వంటగది, స్నానాలగది, కొత్త వైరింగు అన్నీ కలిపి 4,60,000 రూపాయలకు ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పింది. మూడు విడతల్లో 4,20,000 ఇచ్చేసింది.

మొదటి పెద్ద వానకే నీళ్ళు వంటింట్లోకి దిగాయి. కప్పు మీద వాలు గొట్టం వైపు కాకుండా గోడ వైపు పెట్టారు, నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. స్నానాలగదిలో నీళ్ళు జాలీ వైపు పోవు, గుమ్మం వైపు వస్తాయి. టైల్సు తడితే సగం డొల్ల చప్పుడు. ఇవన్నీ ఒక ఎత్తు, గీజరు ఒక ఎత్తు. ఒక ఉదయం కుళాయి తిప్పబోయి అమ్మ షాకు కొట్టి వెనక్కి పడింది. వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి చూస్తే ఎర్తు వైరు ఎక్కడా కలపలేదు. గోడలోంచి బయటికి లాగి, మడిచి వదిలేశారు.

ఫోను చేస్తే కాంట్రాక్టరు, "వాన తగ్గనివ్వండి అమ్మా, చూద్దాం" అన్నాడు. వాన తగ్గాక, "ఇప్పుడు కారడం లేదు కదమ్మా" అన్నాడు.

అమ్మ అతని మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. సరైన పనే చేసిందని నేనంటాను. కానీ మన సంఘాల్లో చాలామంది కాదంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ కాంట్రాక్టరు మా సంఘం మనిషే. పెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చి, "అక్కగారూ, ఆయన మన బిడ్డ. మందిరం ప్రహరీకి సిమెంటు ఇచ్చాడు. కోర్టుకెక్కితే అన్యుల ముందు మన పరువేం కాను? క్షమించి వదిలేయండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం కూడా చూపించారు.

ఆ అధ్యాయాన్ని నేనూ మళ్ళీ చదివాను. సహోదరుల తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా మీలో లేడా అని పౌలు సిగ్గుపరుస్తాడు. నష్టం భరించకూడదా అని కూడా అడుగుతాడు, నిజమే. కానీ వెంటనే, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే చేస్తున్నారు అని మోసం చేసినవాణ్ణి నిలదీస్తాడు. మనం మొదటి సగం నష్టపోయినవాళ్ళకి వినిపిస్తాం. రెండో సగం నష్టపెట్టినవాళ్ళకి వినిపించం. ఆ కాంట్రాక్టరు ఇంటికి ఏ పెద్దా బైబిలు పట్టుకుని వెళ్ళలేదు.

అమ్మ తొందరపడలేదు కూడా. మత్తయి 18వ అధ్యాయంలో ఉన్న వరస ప్రకారమే నడిచింది. మొదట ఒంటరిగా మాట్లాడింది. తర్వాత ఇద్దరు సాక్షులతో వెళ్ళింది. తర్వాత సంఘం ముందు పెట్టింది. పెద్దల ఎదుట అతను రెండుసార్లు ఒప్పుకున్నాడు, రెండుసార్లూ రాలేదు. దానికి కాగితం కూడా లేదు. ఇక మిగిలింది చట్టం.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఇళ్ళు కట్టేవాళ్ళకి ఒక నియమం ఉంది. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది. అంటే కట్టడంలో నిర్లక్ష్యాన్ని దేవుడు చిన్న విషయంగా చూడలేదు. ఆ నాటి పిట్టగోడ లాంటిదే ఈ నాటి ఎర్తు వైరు. దాన్ని కలపనివాణ్ణి మౌనంగా వదిలేస్తే, అతను రేపు ఇంకొక ముసలమ్మ ఇంట్లో గీజరు పెడతాడు. మనం క్షమించేది మనకు జరిగిన తప్పును. ఆమెకు జరగబోయేదాన్ని క్షమించడానికి మనకు అధికారం లేదు.

ఇక "లైసెన్సు" సంగతి. "నేను లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ని" అని అతను మొదటి రోజే కార్డు చూపించాడు. అమ్మ ఆ మాట నమ్మింది. ఒడిశాలో సర్కారు పనులకి కాంట్రాక్టర్లను డి నుంచి సూపర్ క్లాస్ దాకా తరగతులుగా నమోదు చేస్తారు. ఎంత విలువ గల టెండరు వేయవచ్చో చెప్పే నమోదు అది. మీ స్నానాలగదిలో వాలు సరిగ్గా వస్తుందని చెప్పే హామీ కాదు. కాలిఫోర్నియా లాంటి చోట ఇంటి పనుల కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డే ఫిర్యాదులు తీసుకుని లైసెన్సు రద్దు చేయగలదు. ఇక్కడ ఇంటి మరమ్మతులకి అలాంటి బోర్డు లేదు. వైరింగు మాత్రం వేరు. దానికి రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే ప్రత్యేక లైసెన్సు ఉంది. మా ఇంట్లో వైరింగు చేసిన కుర్రాడికి అది లేదు. అడగాల్సిన కార్డు అడక్కుండా, చూపించిన కార్డు చూసి మేం మోసపోయాం.

మా తప్పు ఇంకొకటి ఉంది, అది దాచకూడదు. కోపంలో నేను మొదట మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. మిగిలిన 40,000 ఆపేశాం. ఆ వంక చూపించి కాంట్రాక్టరు మేస్త్రీకీ ఇద్దరు కూలీలకీ రెండు వారాల కూలి ఎగ్గొట్టాడు. మేస్త్రీ మా గుమ్మం ముందు నిలబడి, "బాబూ, వాలు తప్పని నేను చెప్పాను. సిమెంటు తగ్గించమన్నది ఆయన. కనీసం వారం రోజులు తడపాలన్నాను, మూడో రోజే టైల్సు వేయమన్నాడు" అన్నాడు. కోత కూలి బిగపట్టినవాళ్ళ గురించి యాకోబు రాసిన మాట అప్పుడు నా చెవిలో మోగింది. మర్నాడు వాళ్ళ కూలి 14,000 మేమే ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ సంగతి కాంట్రాక్టరుకి పంపిన నోటీసులో రాశాం. సంతకం చేసినవాడు, డబ్బు తీసుకున్నవాడు కాంట్రాక్టరు. ఫిర్యాదు అతని మీద. తాపీ పట్టినవాడి కడుపు మీద కాదు. న్యాయం అడిగే మనం ఈ తేడా మరిచిపోతే, మన చేతిలో ఇంకొకడు నష్టపోతాడు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టానికి 1993లో చేసిన సవరణ "గృహ నిర్మాణాన్ని" సేవల్లో చేర్చింది. ఆ ఏడాది నవంబరులోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇళ్ళు కట్టివ్వడం సేవే అని తేల్చింది. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 చట్టంలోనూ ఆ మాట ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కి వెళ్ళవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లాలోనే వింటారు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కాంట్రాక్టరు ఏ ఊరివాడైనా, మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. ముందు సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

గడువు రెండేళ్ళు. కాంట్రాక్టరు "వస్తాను, వస్తాను" అన్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఇంకొక పొరపాటు, రెరా చట్టం మనకూ వర్తిస్తుందనుకోవడం. నిర్మాణ లోపాలకి అయిదేళ్ళ బాధ్యత అన్నది బిల్డరు అమ్మిన ఫ్లాట్ల వంటివాటికి. మన సొంత ఇంటి మరమ్మతుకి కాదు. తీర్పుకి చట్టం పెట్టిన గడువు నెలల్లోనే ఉన్నా, నిజంగా అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఓపిక కావాలి. అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మానకుండా తిరిగిన విధవరాలి ఉపమానం మన ఆదివారపు బడి పిల్లలకీ తెలుసు. ఆమెను యేసు గొడవమనిషి అనలేదు.

యువతీ యువకులారా, మీతో ఒక మాట. మా ఇంటి ఒప్పందం ఒడియాలో ఉంది. అమ్మ ఒడియా చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. "వాటర్‌ప్రూఫింగుకి గ్యారంటీ లేదు" అన్న వాక్యం కింద సంతకం పెట్టింది. చెన్నైలో, కోలారులో, షోలాపురంలో మన పెద్దలు ఎంతమంది ఇలా తమిళంలో, కన్నడంలో, మరాఠీలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెడుతున్నారో ఆలోచించండి. మీరు బడిలో ఆ భాషలు చదువుకున్నారు. పని మొదలుకాకముందే ఆ కాగితం చదివి, తెలుగులో చెప్పండి. ఏ సిమెంటు, ఎన్ని పూతలు, ఎన్నాళ్ళ గ్యారంటీ, కూలీలకి వారం వారం ఎవరు ఇస్తారు అన్నవి రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇప్పించండి. ఆఖరి విడత ఇచ్చేముందు స్నానాలగదిలో, కప్పు మీద ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూడండి. రోజూ రెండు ఫోటోలు తీయండి. మా కేసులో గోడ మూయకముందు నా చెల్లెలు ఊరికే తీసిన ఫోటోల్లోనే ఆ మడిచిన ఎర్తు వైరు కనిపించింది.

సంఘ పెద్దలకీ ఒక మనవి. తగవులు సంఘంలోనే తీరాలని మీరు నిజంగా కోరుకుంటే, ఒక సివిల్ ఇంజనీరునీ, చట్టం తెలిసిన ఒకరినీ కూర్చోబెట్టి, ఇరువైపులా విని, ఒప్పుకున్నది తేదీతో సహా రాయించండి. ఆ తేదీ దాటితే చట్టం దగ్గరికి వెళ్ళడానికి నష్టపోయినవారికి మీరే తోడు రండి. కారుతున్న కప్పు కింద ఉన్నవాళ్ళని ఊరుకోమనడం సమాధానపరచడం కాదు.

ప్రస్తుతం మా ఫిర్యాదు కమిషన్ ముందు ఉంది. బాగు చేయడానికి 1,90,000 అవుతుందని ఇంజనీరు ఇచ్చిన నివేదిక జతచేశాం. కాంట్రాక్టరు తన జవాబు దాఖలు చేశాడు. మధ్యవర్తిత్వానికి అమ్మ ఇప్పటికీ సిద్ధమే, ఈసారి కాగితం మీద. గీజరు విప్పించేశాం, నీళ్ళు పొయ్యి మీద కాచుకుంటోంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అతను ఎదురుపడ్డాడు. తల తిప్పుకోబోయాడు. అమ్మే ముందు పలకరించింది.

"వందనాలు బాబూ. పిల్లలు బాగున్నారా? పదహారో తారీఖు వాయిదా ఉంది, మరిచిపోకు."