పేరు ఒక్కటే, రాతలు నాలుగు



పోయిన నెల ఒక ఆదివారం మా దగ్గరికి ఒక అన్న వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, షట్టరింగ్ కార్పెంటర్. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా కాగితాలు. ఆయన రూములోనే ఉండే ఒకాయన సైటు మీద ప్రమాదంలో పోయాడు. శవం ఊరికి చేరింది, దినాలు కూడా అయిపోయాయి. ఇన్సూరెన్సు డబ్బుల కోసం భార్య అక్కడ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది. పని ఎక్కడ ఆగిందో చూసి చెప్పమని ఈ అన్న వచ్చాడు.

ఇసిఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకొని వచ్చే ప్రతి కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు రావాలి. పోయినాయన పాలసీ గడువు ఇంకా ఉంది. మరి ఎక్కడ ఆగింది?

కాగితాలన్నీ నేల మీద పరిచి చూశాం. పాలసీలో నామినీ పేరు ఒట్టి ‘లక్ష్మి’ అని ఉంది, ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో. ఆధార్‌లో ముందు ఇంటిపేరు, తర్వాత లక్ష్మి, అది కూడా కె ఎస్ హెచ్ అక్షరాలతో. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరమై వెనక్కి పోయింది. భర్త పాస్‌పోర్టులో భార్య పేరు దగ్గర ఇంకో రకం. మనిషి ఒక్కతే, రాతలు నాలుగు. కంప్యూటరుకు మాత్రం నలుగురు ఆడవాళ్లు.

నాలుగు పేర్లూ ఒక్క మనిషివే అని అఫిడవిట్ రాయించమన్నాం. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చి జత చేయమన్నాం. ఫైలు కదిలింది. డబ్బు ఇంకా చేతికి రాలేదు.

ఆ రాత్రి మేము మాట్లాడుకున్నది ఇదే. ఇన్ని సర్కారు ఆఫీసుల్లో ఇన్ని రాతలుంటే, వీటిని ఒక దారికి తెచ్చే మనిషి ఎవరూ ఉండరా అని. ఉన్నాడు. ఈ మధ్య సర్కారు కొలువుల ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తున్నది. డేటా గవర్నెన్స్ మేనేజర్ అంటారు.

పేరు పెద్దగా ఉంది గాని పని మనకు తెలియనిది కాదు. మన రూములో మెస్ లెక్కల పుస్తకం ఎట్లా నడుస్తుంది? పుస్తకం ఒక్కటే ఉండాలి. రాసేవాడు ఒక్కడే ఉండాలి. బియ్యం కిలోల్లో రాయాలంటే అందరికీ కిలోలే, ఒకరు బస్తా అని రాయకూడదు. ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అన్నది ముందే తేల్చుకోవాలి. సర్కారులో ఈ పెద్దమనిషి పని కూడా ఇదే. ఏ సమాచారానికి ఏ శాఖ యజమాని, పుట్టిన తేదీ ఏ వరుసలో రాయాలి, ఒక శాఖ ఇంకో శాఖకు ఏది ఇవ్వవచ్చు, ఏది దాచాలి, తప్పు వస్తే ఎవరు దిద్దాలి అనే నియమాలు పెట్టి, అవి నడిచేటట్టు చూస్తాడు. కంప్యూటర్ రిపేరు చేసేవాడు కాదు, పుస్తకానికి కాపలాదారు.

మనం ఉన్న దేశమే చూడండి. మన ఎమిరేట్స్ ఐడి మీద 15 అంకెలు ఉంటాయి. మొదటి మూడు 784, అది ఈ దేశపు కోడ్. తర్వాతి నాలుగు మనం పుట్టిన సంవత్సరం. ఒక మనిషికి ఒక్కటే నంబరు ఉంటే ఏ శాఖైనా అదే మనిషని గుర్తుపడుతుంది. దుబాయిలో 2015లోనే 26వ నంబరు చట్టం వచ్చింది. ఏ సమాచారం ప్రజలకు తెరవాలి, ఏది శాఖల మధ్య మాత్రమే పంచుకోవాలి అన్నది అందులో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు కూడా ఆపేశారు. అంటే ఇప్పుడు మన వీసా మన పెట్టెలో లేదు, సర్కారు కంప్యూటర్లో ఉంది. అక్కడ ఎట్లా రాసి ఉంటే మనం అట్లా ఉన్నట్టే.

ఆ రాతకు మూలం మన పాస్‌పోర్టు. ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసలు చూడండి. ఒక్కో వరుసలో 44 గుర్తులు. పై వరుసలో ముందు ఇంటిపేరు, మధ్యలో బాణం ములుకుల వంటి గుర్తులు రెండు, తర్వాత సొంత పేరు. కింది వరుసలో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ. నంబరు పక్కన, తేదీల పక్కన ఒక్కో అంకె అదనంగా ఉంటుంది. అది తనిఖీ అంకె. మిషను ఒక అంకెను తప్పు చదివితే ఆ లెక్క కుదరదు, వెంటనే పట్టుబడుతుంది.

కానీ ఒక్క మాట. మొదట్లోనే ఏజెంటు పుట్టిన సంవత్సరం మార్చి రాయిస్తే, లేదా ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, లెక్క చక్కగా కుదురుతుంది. తప్పు తప్పుగానే పాసైపోతుంది. ఎంత పెద్ద డేటా గవర్నెన్స్ మేనేజరైనా ఆ తప్పును భద్రంగా కాపాడి అన్ని శాఖలకూ పంచుతాడు, అంతే.

2022 నవంబరులో ఏమైందో గుర్తుందా? ఒక్క పేరు మాత్రమే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వస్తే ఈ దేశంలోకి రానివ్వమన్నారు. తర్వాత పాస్‌పోర్టు వెనక పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరే అని వివరణ ఇచ్చారు. రెసిడెన్స్ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదన్నారు. ఖాళీగా వదిలిన ఒక్క గడి ఎంతమందిని ఎయిర్‌పోర్టు గుమ్మంలో నిలబెట్టగలదో ఆ రోజు తెలిసింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మీ పాస్‌పోర్టు కాపీని వాట్సాప్‌లో అటు ఇటు పంపేది మా లాంటి క్లర్కులమే. పని అయిపోయాక ఫోనులో నుంచి తీసెయ్యం. ఈ దేశంలో 2021లో వ్యక్తిగత సమాచార రక్షణకు 45వ నంబరు చట్టం వచ్చింది. సర్కారు దగ్గరి సమాచారానికి అది వర్తించదు, కంపెనీలను దృష్టిలో పెట్టుకొని చేసినది. మా టేబుల్ మీద ఉన్న మీ కాగితానికి మేమే కాపలాదారులం. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాం. మీరు కూడా అడగండి, “అన్నా, నా కాపీ తీసేశావా?” అని. మేము ఏమీ అనుకోము. యుఎఇ పాస్ కోసం ఫోనుకు వచ్చే నంబరు మాత్రం మాకు కూడా చెప్పకండి.

ఈ ఆదివారం వంట అయ్యాక ఒక అరగంట కూర్చోండి. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడి, లేబర్ కాంట్రాక్టు, బ్యాంకు కార్డు, బీమా పాలసీ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం కలిపి చూడండి. ఇంటికి ఫోన్ చేసి భార్య ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటో తెప్పించుకొని నామినీ పేరుతో పోల్చండి. తేడా ఉంటే చివరి కాగితం దగ్గర దిద్దబోకండి, మొదటి కాగితం దగ్గరికి పోండి. పాస్‌పోర్టులో తప్పైతే కాన్సులేట్ ద్వారా కొత్తది తీసుకొని, కాపీ మందూబ్‌కు ఇచ్చి వీసా ఫైల్లో, ఐడిలో మార్పించమని అడగండి. దారి తెలియకపోతే దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉంది. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో కూడా తప్పు దిద్దమని అడిగే హక్కు రాశారు, అది దశలవారీగా అమలుకు వస్తున్నది.

చదువు రాదని సిగ్గుపడకండి. కాగితాలు పట్టుకొని రండి, కలిపి చూద్దాం. మనిషి ఉండగా దిద్దితే అరగంట పని. మనిషి పోయాక దిద్దాలంటే ఒక ఆడమనిషి ఎన్ని గడపలు తొక్కాలో మేము కళ్లారా చూస్తున్నాం.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం.