హక్కుల పుట్టినిల్లు పారిసేనా?

మానవ హక్కులు పాశ్చాత్యులు లోకానికి పెట్టిన భిక్ష అనేవాళ్లున్నారు. అవి పడమటి సరుకు, మన నేలకు పడవని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఒకరంటే ఒకరికి పడదు గానీ, హక్కులు పుట్టింది ఐరోపాలోనే అన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. నా తగాదా ఆ మాటతోనే.

మనుషులంతా పుట్టుకతోనే స్వతంత్రులని ఫ్రెంచి జాతీయ సభ 1789 ఆగస్టులో చాటింది. అప్పటికి ఫ్రాన్సు ఏలుబడిలోని సాన్ దొమాంగ్‌లో, అంటే నేటి హైతీలో, దాదాపు ఐదు లక్షల మంది నల్లవాళ్లు చెరకు, కాఫీ తోటల్లో బానిసలు. ఆ ప్రకటన వాళ్ల జోలికే పోలేదు. పైగా దాని 17వ అధికరణం ఆస్తి హక్కు పవిత్రమంది. తోటల యజమానులకు ఇంకేం కావాలి? వాళ్ల లెక్కలో బానిస కూడా ఆస్తే!

1791 ఆగస్టులో ఆ బానిసలు తిరగబడి తోటలు తగలబెట్టారు. ఇంతలో స్పెయిన్, బ్రిటన్ సేనలు మీదికొచ్చాయి. నల్లవాళ్లను తనవైపు తిప్పుకోకపోతే వలస దక్కదని ఫ్రెంచి ప్రతినిధి సోంతొనాక్స్‌కు అర్థమైంది. 1793లో అక్కడ బానిసత్వం రద్దు చేశాడు. పారిస్ దాన్ని 1794 ఫిబ్రవరిలో ఒప్పుకుని తక్కిన వలసలకూ వర్తింపజేసింది. ఇది ఔదార్యమైతే, 1802లో నెపోలియన్ బానిసత్వానికి మళ్లీ చట్టం ఎందుకు చేసినట్టు? హైతీ ప్రజలు అతని సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్రులయ్యారు. మరుసటేడు రాజ్యాంగంలో బానిసత్వాన్ని శాశ్వతంగా నిషేధించారు.

వాళ్ల నాయకుడు తూసాన్ లూవెర్చూర్ ఫ్రెంచి విప్లవ భాషే మాట్లాడాడు కదా అంటారు. నిజమే. జనాన్ని బలవంతంగా తోటల పనికి తోలిందీ అతనే. వాళ్లు దేవతలని నేననడం లేదు. కానీ తిరగబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టి, ఓడల్లో వచ్చిపడ్డవాళ్లు. స్వేచ్ఛ అంటే ఏమిటో వాళ్లకు పారిస్ కరపత్రం చెప్పాలా?

భిక్ష అనేవాళ్లు 1825ను కూడా చదవాలి. ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, పోగొట్టుకున్న తోటలకు, మనుషులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. కడితేనే స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తానంది.

ఇక పడమటి సరుకు అనేవాళ్ల సంగతి. 1948 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు మానవ హక్కుల ప్రకటన ముసాయిదాను సమర్పించిన ఎమీల్ సేన్ లో హైతీవాడే. దానికి ఓటేసిన 48 దేశాల్లో ఇండియా ఉంది. ఓటు వేయకుండా తప్పుకున్న ఎనిమిదింటిలో తెల్లవాళ్లు ఏలుతున్న దక్షిణాఫ్రికా ఉంది.