పన్ను ఊడితే ఏ కేసు?

ఆళ్లగడ్డ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. గట్టు తగాదాలో దాయాది ఒకడు ఆమె మరిదిని మూతిమీద గుద్దాడట. ముందుపన్ను ఊడింది. "పన్నే గదా, సర్దుకోండి" అంటున్నారట పెద్దమనుషులు. ఇది చిన్న కేసా, పెద్ద కేసా అని ఆమె ప్రశ్న.

అమ్మా, ఆ పన్ను సామాన్యమైనది కాదు. నెత్తురు ఎంత కారిందని చట్టం కొలవదు. ఉత్త దెబ్బకు 1 సంవత్సరం వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూను. ఎముక విరిగినా, పన్ను ఊడినా, దెబ్బతిన్నవాడు 15 రోజులు విపరీతమైన బాధ పడినా, తన పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం. దానికి 7 సంవత్సరాల వరకు ఖైదు, పైన జరిమానా. పాత శిక్షాస్మృతిలో ఆ 15 రోజులు 20గా ఉండేవి. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత తగ్గించింది. అంత గాయమవుతుందని కొట్టినవాడికి తెలిసుండాలి అంటుంది చట్టం. మూతిమీద గుద్దితే పళ్లు రాలతాయని తెలియనివాడెవడు?

కత్తితో తీవ్ర గాయం చేస్తే శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. అసలు దెబ్బ తగలనక్కరలేదు కూడా. కొడతాడని ఎదుటివాడు భయపడేలా కర్ర ఎత్తి మీదికి వస్తే చాలు, 3 నెలల వరకు ఖైదు వేయవచ్చు. వట్టి నోటిమాట మాత్రం దౌర్జన్యం కాదు. (మన సీమ గొంతులకు అది కొంత ఊరట!)

ఇక ఉద్దేశం సంగతి. 2023 మేలో నంద్యాలలో పాదయాత్ర సమయాన ఒకే పార్టీలోని రెండు వర్గాలు ఘర్షణ పడ్డాయి. ఆళ్లగడ్డకు చెందిన మాజీ మంత్రి భూమా అఖిలప్రియను పోలీసులు అరెస్టు చేసినది హత్యాయత్నం ఆరోపణ మీద. ఆరోపణ రుజువు కాదు. ఆ నేరానికి గాయం పెద్దదైనంత మాత్రాన చాలదు, చంపాలన్న ఉద్దేశమో, చావు రావచ్చన్న తెలివిడో కోర్టులో తేలాలి. సంఘటన 2023 నాటిది గనుక దానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. మీ తగాదా ఏ తేదీనాటిదో మీరూ చూసుకోండి.

రాజీ విషయం. ఉత్త దెబ్బయితే దెబ్బతిన్నవాడు తన ఇష్టప్రకారం రాజీపడవచ్చు. తీవ్ర గాయమైతే కోర్టు అనుమతి కావలసిందే, రచ్చబండ మీద తీర్పు చెల్లదు. కనుక ముందు మరిదిగారిని సర్కారు ఆసుపత్రికి తీసుకువెళ్లి, పన్ను సంగతి గాయాల సర్టిఫికెట్టులో రాయించండి. పెద్దమనుషులతో మాటలు ఆ తరవాత.