గుమ్మం ముందు గుమ్మడికాయ... దాని వెనుక ఎవరు?

పండుగంటే ఇల్లు కళకళలాడాలి. కాదనేవాళ్లెవరూ ఉండరు. గడపకు పసుపు, గుమ్మానికి తోరణం, వాకిట్లో ముగ్గు లేకపోతే మనకు పండుగ వచ్చినట్టే ఉండదు. కానీ ఆ కళ వెనుక ఎవరి నడుంనొప్పి దాగుందో, ఎవరి పేరు కనబడకుండా పోయిందో ఎప్పుడైనా ఆలోచించామా? నిజం చెప్పొద్దూ, మన ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాకీ ప్రశ్న తట్టలేదు. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో, మనది కాని ఒక పండుగ దగ్గర తట్టింది.

ఆ ఏడాది దసరా వెళ్లాక న్యూజెర్సీకి ప్రయాణం కట్టాను. నవంబరు వచ్చేసరికి వీధి రూపే మారిపోయింది. ఇంటింటి మెట్ల మీదా గుమ్మడికాయలు, ఎండుగడ్డి మోపులు, నిలబెట్టి కట్టిన మొక్కజొన్న చొప్ప. కుండీల నిండా చామంతులు. తలుపులకు ఎండుటాకులతో, కంకులతో గుండ్రంగా అల్లిన దండలు. "ఇదేమిటే, కార్తీకంలోనే సంక్రాంతి వచ్చేసిందా?" అన్నాను. అమ్మాయి నవ్వి, "థ్యాంక్స్‌గివింగ్ అమ్మా. పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞత చెప్పుకునే పండుగ" అంది.

నవంబరు నెలలో నాలుగో గురువారం ఈ పండుగ. గురువారాన్ని మనం లక్ష్మివారం అంటాం కదా. కొన్నేళ్లలో అది మార్గశిర లక్ష్మివారం కూడా అవుతుంది. 2025లో నవంబరు 27 అలాగే వచ్చింది. చర్చికి వెళ్లేవాళ్లూ వెళ్లనివాళ్లూ కూడా చేసుకునే పండుగ కాబట్టి అక్కడి మనవాళ్లూ చేసుకుంటారు. టర్కీ కోడి తినని ఇంట్లో పులిహోర, గుత్తివంకాయ కూర ఉంటాయి. అంతే తేడా.

లాబీ అలంకరణ ఎవరి వంతు?

అమ్మాయి వాళ్లుండేది అపార్ట్‌మెంటులో. కింద లాబీని పండుగకు అలంకరించే పని ఏడాదికొకరు చూడాలట. ఆ ఏడాది అమ్మాయి వంతు వచ్చింది. ఆఫీసు నుంచి ఏడింటికి వస్తుంది. వంట, మనవరాలి హోంవర్కు, గిన్నెలు. అవన్నీ అయ్యాక రాత్రి పదింటికి గ్లూ గన్ పట్టుకుని కూర్చునేది. తళుకుల పొడి, రంగు కాగితాలు, రిబ్బన్లు హాలంతా పరిచేది. మా అల్లుడు మంచివాడే. "నీ చేతిలో కళ ఉంది, నాకు గీత కూడా తిన్నగా గీయడం రాదు" అని మెచ్చుకుని టీవీ ముందుకెళ్లేవాడు. మెచ్చుకోలు కూడా ఒక్కోసారి పని ఎగ్గొట్టడానికి దారి అవుతుందని అప్పుడర్థమైంది నాకు. పైగా గురువారం భోజనానికి పన్నెండు మంది. బల్ల మధ్యలో పెట్టే అలంకారం కూడా అమ్మాయే చేయాలి. ఒక రాత్రి జిగురు వేలికి అంటుకుని చురుక్కుమంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి దానికి. వేలు కాలినందుకు కాదు, అలిసిపోయి.

లాబీలో పెట్టడానికి అట్టబొమ్మలు కొట్లో దొరికాయి. నల్లటోపీల తెల్లవాళ్లు ఒకవైపు, తలనిండా ఈకలు పెట్టుకున్న "ఇండియన్లు" ఇంకోవైపు, మధ్యలో టర్కీ కోడి. మూడో క్లాసు చదువుతున్న మనవరాలు వాటిని చూసి, "అమ్మమ్మా, మనమూ ఇండియన్సే కదా, మనమెందుకు ఈకలు పెట్టుకోం?" అంది. అందరం నవ్వేశాం.

మర్నాడు రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ లాబీలో ఆగింది. ఆవిడ తల్లి వైపువాళ్లు అక్కడి మూలవాసులట. అలంకరణంతా నెమ్మదిగా చూసి, "చాలా శ్రమపడ్డావమ్మా. ఒక్క మాట చెప్పనా? ఆ ఈకలు కొనుక్కుని పెట్టుకునేవి కావు. ఒక్కో ఈకా సంపాదించుకోవాలి. పైగా ఆ పండుగనాడు అక్కడున్నవాళ్ల వేషం అది కానే కాదు" అంది. కోపంగా కూడా అనలేదు. లిఫ్టెక్కి వెళ్లిపోయింది. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. ఇంత కష్టపడితే ఇదా దక్కింది అని నాకూ కాస్త కోపమే వచ్చింది. కానీ రిటైరైన టీచర్ని కదా, ఊరుకోలేక లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తిరగేశాను.

బొమ్మలో లేనివాళ్లు

1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండు నుంచి ప్లిమత్ తీరానికి చేరారు. మొదటి చలికాలంలోనే సగంమంది చనిపోయారు. మిగిలినవాళ్లకు మొక్కజొన్న ఎలా వేయాలో, చేపలను ఎరువుగా ఎలా వాడాలో నేర్పింది అక్కడి మూలవాసులే. 1621లో పంట చేతికొచ్చాక మూడు రోజులు విందు జరిగింది. వాంపనోగ్ తెగవాళ్లు తొంభైమంది దాకా వచ్చారు. ఐదు జింకలు వేటాడి తెచ్చారు. వాళ్లు పెట్టుకునేది మన అట్టబొమ్మల్లోని ఎత్తైన ఈకల కిరీటం కాదు. అది అక్కడికి ఎంతో దూరంలోని మైదానాల తెగలది. పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజం.

మరి వండిందెవరు? ఆ చలికాలం గడిచి బతికి ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లు నలుగురే. తమవాళ్లు యాభైమంది, వచ్చిన అతిథులు తొంభైమంది. మూడు రోజులు! పిల్లల సాయం ఉన్నా ఆ నలుగురూ ఎన్ని పొయ్యిలు ఊదారో ఊహించుకోండి. లాబీలోని అట్టబొమ్మల్లో ఎక్కడా వాళ్ల జాడ లేదు.

ఆ తర్వాత సంగతి ఇంకా ఆశ్చర్యం. ఈ పండుగను దేశమంతటికీ ఒకే రోజున తెచ్చింది ఒక మహిళాపత్రిక సంపాదకురాలు. పేరు సారా జోసెఫా హేల్. మన పిల్లలు కాన్వెంటులో పాడే మేరీ గొర్రెపిల్ల పాట రాసింది ఆవిడే. 1822లో భర్త పోయాక ఐదుగురు పిల్లల భారం ఆవిడ మీద పడింది. కలం పట్టుకుని వాళ్లను పెంచింది. గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రికకు సంపాదకురాలై, అధ్యక్షులకూ గవర్నర్లకూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అబ్రహాం లింకన్ ఆమె మాట విన్నాడు. అప్పటికి ఆవిడకు 74 ఏళ్లు. తర్వాత 1941లో చట్టం చేసి నవంబరు నాలుగో గురువారం అని ఖాయం చేశారు. లింకన్ పేరు అందరికీ తెలుసు. హేల్ పేరు ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. 1970 నుంచి ఇదే రోజున ప్లిమత్‌లో మూలవాసులు కొందరు చేరి "జాతీయ శోకదినం" పాటిస్తున్నారు. వచ్చినవాళ్లకు అన్నం పెట్టినవాళ్లే తర్వాత భూములు, ప్రాణాలు పోగొట్టుకున్నారు మరి. ఒకరికి పండుగ, ఇంకొకరికి సంతాపం. ఇద్దరూ అదే లాబీలోంచి నడిచి వెళతారు. మన ఇంట్లో మనిష్టం. నలుగురూ నడిచే చోట మాత్రం ఆ నలుగురినీ తలుచుకోవాలి కదా!

మెట్ల మీద పెట్టిన గుమ్మడి, మొక్కజొన్న అసలు ఎవరి పంటలు? ఆ మూలవాసులవే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చోట నాటేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్నను పట్టుకుని పాకుతుంది. గుమ్మడి ఆకు నేలను కప్పి తేమ పోకుండా కాస్తుంది. వాటిని వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. అంతెందుకు, మన ఆవకాయలో కారం, బతుకమ్మ కింద పరిచే గుమ్మడాకు కూడా ఆ ఖండం నుంచి వచ్చిన పంటలవే. కృతజ్ఞత చెప్పాల్సినవాళ్లలో మనమూ ఉన్నాం!

అట్టబొమ్మలు తీసేశాక

ఇవన్నీ చెప్పేసరికి అమ్మాయి అట్టబొమ్మలు తీసేసింది. "మళ్లీ మొదట్నుంచీ చేసే ఓపిక లేదమ్మా" అంది. "నువ్వొక్కదానివే ఎందుకు చేయాలి?" అన్నాను. అల్లుడు టీవీ కట్టేసి లేచాడు. గీత తిన్నగా గీయడం రాకపోయినా కింద పడ్డ కొమ్మ ఏరుకురావడం ఎవరికైనా వస్తుంది కదా! ఒక పెద్ద ఎండుకొమ్మ తెచ్చి కుండీలో ఇసుక పోసి నిలబెట్టాడు. మనవరాలు, దాని స్నేహితులు రాలిన మేపుల్ ఆకులు ఏరి పాత పుస్తకాల మధ్య పెట్టి వారంరోజులు అణిచారు. ముదురు రంగు కాగితాన్ని ఆకుల ఆకారంలో కత్తిరించి, దారం కట్టి బుట్టలో వేసి పెన్ను పెట్టాం. ఎవరికి కృతజ్ఞత చెప్పాలనుకుంటే వాళ్ల పేరు రాసి కొమ్మకు కట్టడమే. కింద గుమ్మడికాయలు, రంగురంగుల ఎండు మొక్కజొన్న పొత్తులు. పక్కన చిన్న అట్ట మీద ముగ్గురు అక్కచెల్లెళ్ల సంగతి నాలుగు ముక్కల్లో, ఆ పెద్దావిడను అడిగి మరీ రాశాం. ఆవిడ రెండుచోట్ల దిద్దింది కూడా.

గుమ్మడికాయలకు రంగులు పూయనివ్వలేదు నేను. పండుగ మర్నాడు వీధి చివర చెత్తడబ్బాల్లో రంగుపూసిన కాయలు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. మావి మాత్రం దప్పళమై, హల్వా అయి నాలుగిళ్లకు వెళ్లాయి. కోయనంతవరకూ గుమ్మడికాయ వారాల తరబడి నిలవుంటుంది. కొవ్వొత్తులు కూడా వద్దన్నాం. ఎండుటాకులూ చొప్పా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. వంటింటి అగ్నిప్రమాదాలు ఏడాది మొత్తంలో ఎక్కువ జరిగేది కూడా అక్కడ ఆ రోజేనట. బ్యాటరీ దీపాలు పెట్టాం. దారికి అడ్డం లేకుండా కుండీని మూలకు జరిపాం.

లాబీ తుడిచే ఆవిడ రోజూ సాయంత్రం వస్తుంది. ఆవిడది స్పానిష్, నాది తెలుగు. చిరునవ్వే మా భాష. అంతకుముందు వారమంతా కార్పెట్‌లో ఇరుక్కున్న తళుకుల పొడిని మోకాళ్ల మీద కూర్చుని గీకింది ఆవిడే. ఆ సంగతి మా అమ్మాయికి తెలియదు. తెలిసిన నేను కూడా చెప్పలేదు. ఇప్పుడు మనవరాలు బుట్టలోంచి ఒక ఆకు తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ చేతులు తుడుచుకుని, ఏదో రాసి, కొమ్మకు కట్టి వెళ్లింది. స్పానిష్ తెలిసిన పక్కింటాయన చదివి చెప్పాడు. "మా అమ్మకు" అని ఉందట. మనవరాలు వెంటనే ఇంకో ఆకు తీసి, "మా లాబీ తుడిచే ఆంటీకి" అని రాసింది. తీరా రాశాక "ఆవిడ పేరేమిటి?" అనడిగింది. మాలో ఎవరికీ తెలియదు. మర్నాడు అడిగి తెలుసుకుని రాశాం.

"అలంకరణంటే ఆనందం. దానికిన్ని లెక్కలా?" అనేవాళ్లుంటారు. ఆనందమే, నేను కాదనను. తళుకులు వద్దనీ అనను. నేననేది ఒక్కటే. కృతజ్ఞత పేరుతో చేసే పండుగలో కృతజ్ఞత అందాల్సినవాళ్లే కనబడకపోతే ఆ అలంకారం ఎంత బాగున్నా వెలితే. ఒక్క మనిషి కుంగిపోయి చేసిన అందం కన్నా పదిమంది చేతులు పడి కాస్త వంకరగా వచ్చిన అందమే నయం. అందరూ తిరిగే చోట ఏదైనా పెట్టేముందు పక్కవాళ్లను ఒక్క మాట అడిగితే మన సొమ్మేం పోదు.

తిరిగొచ్చాక తెనాలిలో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగిపోయాను. ఏటా సంక్రాంతికి ముగ్గుల పోటీ పెడతాం. పట్టుచీరలు కట్టుకుని దిగుతాం. ఫొటోలు తీయించుకుంటాం. ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి ఆ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టేది మా వాచ్‌మన్ భార్య. చుక్క తప్పకుండా వేస్తుంది. ఆమెను ఏనాడూ పోటీకి పిలవలేదు. బహుమతులిచ్చే వేళకు చీపురు పట్టుకుని ఓ పక్కన నిలబడి ఉంటుంది, మేం తొక్కేసిన రంగులు ఊడ్చడానికి. రెండేళ్లు ఆ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నదాన్ని నేనే. నాకామె కనబడనే లేదు.

ఆ సంక్రాంతికి మొదటి ముగ్గు ఆమెతోనే వేయించాం. మర్నాడు వాకిలి ఊడ్చే పని మాత్రం మేం పంచుకున్నాం. మీ అపార్ట్‌మెంటులో రోజూ ముగ్గేసేదెవరు? ఆమె పేరు మీకు తెలుసా?