ఫ్లాపు హీరోల టీము

1989లో వచ్చిన ‘మేజర్ లీగ్’ అనే అమెరికన్ సినిమా చూశారా? చూడకపోతే కథ నేను చెబుతాను, వినండి. ఒక బేస్‌బాల్ టీముకి ఒకావిడ ఓనరవుతుంది. ఆవిడకి ఆ ఊరంటే పడదు. టీము చిత్తుగా ఓడిపోయి జనం రావడం మానేస్తే, హాయిగా మయామీకి మకాం ఎత్తేయొచ్చని ప్లాను. అందుకని వెతికి వెతికి పనికిరాని వాళ్ళందర్నీ పోగు చేస్తుంది. సినిమా కదా, వాళ్ళు గెలిచి ఆవిడ నోట్లో మట్టి కొడతారు!

అది కథ. నిజం చరిత్రలోంచి ఏరి అలాంటి టీము కట్టమంటే ఎవరెవర్ని తీసుకోవాలి? ఈ వారం నేను పెట్టుకున్న పని అదే. కాల్షీట్ల గొడవ లేదు, అడ్వాన్సులు ఇవ్వక్కర్లేదు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బంతి విసిరేవాడు పిచ్చర్. బ్యాటు వెనక కూర్చుని పట్టేవాడు క్యాచర్. కొట్టినవాడు మూడు బేసుల్నీ వరసగా తాకి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక రన్ను. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్టు కొట్టినవాణ్ణి అక్కడ నెత్తిన పెట్టుకుంటారు. అంటే ఏడుసార్లు ఫెయిలైనా స్టారే! అలాంటి ఆటలో కూడా ఫ్లాపు అనిపించుకోవడం అంటే మాటలా మరి?

డైరెక్టరు ఎవరో చెప్పక్కర్లేదు. కేసీ స్టెంగెల్. న్యూయార్క్ యాంకీస్ చేత ఏడుసార్లు వరల్డ్ సిరీస్ గెలిపించిన పెద్దమనిషి. డెబ్బై దాటాక కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్‌కి మేనేజరయ్యాడు. ఆ మొదటి ఏడు, 1962లో, గెలిచినవి 40, ఓడినవి 120. వందరోజుల సినిమాలు తీసిన డైరెక్టరు చివర్లో మార్నింగ్ షోకే ఎత్తేసే బొమ్మ తీసినట్టు. అయితే విచిత్రం, జనం ఆ బొమ్మని ప్రేమించారు!

ఆ ప్రేమంతా ఎక్కువగా దక్కింది మన ఫస్ట్ బేస్ ఆటగాడు మార్వ్ త్రోన్‌బెర్రీకి. 1962 జూన్ 17న చికాగో కబ్స్ మీద బ్రహ్మాండంగా కొట్టాడు. ఒగుర్చుకుంటూ మూడో బేసు దాకా పరిగెత్తి నిలబడ్డాడు. చప్పట్లు, కేకలు! ఇంతలో అంపైరు వేలెత్తాడు. మొదటి బేసు తాకలేదట, అవుట్. స్టెంగెల్ పోట్లాడ్డానికి గ్రౌండులోకి ఉరికితే, పక్కనున్న కోచ్ ఆపాడట. “ఊరుకోండి సార్, రెండో బేసు కూడా తాకలేదు” అన్నాడని చెబుతారు. ఈ మాట కాస్త పెంచి చెప్పిందే కావచ్చు గానీ, అవుటైన మాట మాత్రం పచ్చి నిజం. తర్వాత రోజుల్లో ఇదే మార్వ్ తన చేతగానితనాన్నే పెట్టుబడిగా పెట్టి టీవీ ప్రకటనల్లో నటించి పేరు తెచ్చుకున్నాడు.

సెకండ్ బేస్‌లో చక్ నోబ్లాక్. 1997లో గొప్ప ఫీల్డరని గోల్డ్ గ్లవ్ బహుమతి ఇచ్చారు. మూడేళ్ళు తిరక్కుండానే చెయ్యి మాట వినడం మానేసింది. 2000 జూన్‌లో పక్కనే ఉన్న ఫస్ట్ బేస్‌కి విసిరిన బంతి గ్యాలరీలోకి వెళ్ళి టీవీ వ్యాఖ్యాత కీత్ ఓల్బర్‌మాన్ తల్లి మొహానికి తగిలింది. థర్డ్ బేస్‌లో బుచ్ హాబ్సన్, 1978లో ఒక్క సీజన్లో 43 తప్పులు. పాపం, మోచేతిలో ఎముక ముక్కలు తిరుగుతుంటే చేత్తో సర్దుకుంటూ ఆడాడు. ఆ సంగతి తెలిశాక నాకు నవ్వు రాలేదు.

షార్ట్‌స్టాప్‌లో మెక్సికో వాడు మారియో మెండోజా. 1979లో అతని సగటు .198. పదికి రెండు హిట్లు కూడా పడలేదన్నమాట. .200 కంటే కిందికి దిగజారడాన్ని ‘మెండోజా లైన్’ దాటడం అని ఇప్పటికీ అంటారు. మరి టీములో ఎందుకుంచారు? ఫీల్డింగులో దిట్ట కనక. మన చంద్రశేఖర్ టెస్టుల్లో 242 వికెట్లు తీసి 167 పరుగులే చేశాడు, ఎవరైనా తీసేయమన్నారా? అన్నట్టు, మెండోజాని సొంత దేశంలో 2000లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కించారు. అమెరికాలో జోకు, అక్కడ హీరో!

దూరంగా నిలబడే ముగ్గురూ అసలైన స్టార్లే. హాక్ విల్సన్ 1929 వరల్డ్ సిరీస్‌లో ఎండ కళ్ళలో పడి బంతులు వదిలేస్తే, ఎనిమిది రన్నులు ముందున్న టీము ఓడిపోయింది. బేబ్ హెర్మన్ 1926లో కొట్టిన హిట్టుకి బ్రుక్లిన్ వాళ్ళు ముగ్గురు మూడో బేసు మీదే పోగయ్యారు, ఒకే టికెట్టు మీద ముగ్గురు సినిమాకొచ్చినట్టు. హోసే కాన్‌సెకో 1993 మేలో క్యాచ్ పట్టబోతే బంతి నెత్తిన పడి, ఎగిరి, గోడ దాటింది. హోమ్ రన్! ఈ సీనుకి ఏ కామెడీ రైటరూ అక్కర్లేదు.

క్యాచర్ బాబ్ యూకర్. ఆరేళ్ళు ఆడితే సగటు సరిగ్గా .200. మొదట్లో చెప్పిన సినిమాలో వ్యాఖ్యాత వేషం వేసింది ఈయనే! వంకర్లు తిరిగే నకిల్‌బాల్‌ని పట్టడం ఎలాగంటే, అది దొర్లడం ఆగాక వెళ్ళి తీసుకోవడమే అనేవాడు. 1971 నుంచి మిల్వాకీ మ్యాచ్‌లకి రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు, 2025 జనవరిలో పోయేదాకా ఆ ఊరికి ఆయన గొంతే ఆట. స్టేడియంలో చిట్టచివరి వరసలో, అందరికంటే పైన, ఆయన విగ్రహం ఒకటి కుర్చీలో కూర్చుని ఉంది.

ఇక పిచ్చర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఆంథొనీ యంగ్, మెట్స్ వాడే. 1992 మే నుంచి 1993 జూలై దాకా వరసగా 27 ఓటములు అతని పేరు మీద రాశారు. అంతకుముందు రికార్డు 23. అంత చెత్తగా విసిరాడా? లేదండీ! అదే 1992లో 15 మ్యాచ్‌ల్లో చివర్లో వచ్చి టీము గెలుపు కాపాడాడు. కొన్నిసార్లు తన టీము రన్నులు కొట్టలేదు, కొన్నిసార్లు వెనక వాళ్ళు బంతి వదిలేశారు. లెక్కలో మాత్రం ఓటమి పిచ్చర్ ఖాతాలోనే పడుతుంది. జనం జాలిపడి కుందేలు కాళ్ళూ గుర్రపు నాడాలూ పోస్టులో పంపారు, అదృష్టం కలిసొస్తుందని. ప్రతిసారీ మేనేజరు మళ్ళీ బంతి అతనికే ఇచ్చాడు, ప్రతిసారీ అతను వెళ్ళి విసిరాడు. 1993 జూలై 28న ఫ్లోరిడా మీద చివరి ఇన్నింగ్స్‌లో కూడా వెనకబడ్డాడు. ఇరవై ఎనిమిదోది అనుకున్నారంతా. అప్పుడు సహచరులు రెండు రన్నులు కొట్టారు, 5-4. టీమంతా వచ్చి మీదపడి కావలించుకుంది. 2017లో 51 ఏళ్ళకే పోయాడు. సరదాకి కడుతున్న టీములో అతన్ని పెట్టడానికి నాకు రెండు రోజులు మనసొప్పలేదు. ఆఖరికి పెట్టాను, కెప్టెన్‌గా!

ఎదుటి టీము కూడా రెడీ. 2024లో 121 ఓడిన చికాగో వైట్ సాక్స్. వాళ్ళు తేదీ ఇవ్వకపోతే 1899లో 20 గెలిచి 134 ఓడిన క్లీవ్‌లాండ్ స్పైడర్స్. ఎవరొచ్చినా బంతి మాత్రం యంగ్ చేతికే. ఈసారైనా ముందే నాలుగు రన్నులు కొట్టి పెట్టమని మిగతా ఎనిమిదిమందికీ చెప్పి ఉంచాను. మార్వ్‌కి మాత్రం బేసులన్నీ తాకమని విడిగా ఇంకోసారి చెప్పాలి.