తప్పిపోయిన విశ్వాసికి తిరిగొచ్చే దారి

పెళ్లికి ముందే గర్భవతి అయిన పిల్ల, తాగుడు మానేస్తానని మాటిచ్చి మళ్లీ తాగిన కూలీ, గుడిలో తాళి కట్టించుకుని ఊళ్లోకొచ్చిన జంట. తెలుగునాట చర్చిల్లో క్రమశిక్షణ అనగానే ముందుగా గుర్తొచ్చేది ఇలాంటివాళ్లే. వాళ్లకు ప్రభువు బల్ల, అంటే రొట్టె ద్రాక్షారసాల సంస్కారం, ఆపేస్తారు. క్వయర్‌లో పాడొద్దంటారు. కొన్నిచోట్ల ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబెట్టి తప్పు ఒప్పిస్తారు. అదే సంఘంలో కానుకల లెక్క తేడా వచ్చిందనుకోండి, లేదా దైవసేవకుడి మీద ఓ స్త్రీ ఫిర్యాదు చేసిందనుకోండి, అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన గొంతులు ఒక్కసారిగా తగ్గిపోతాయి. అభిషేకం పొందినవాణ్ణి వేలెత్తి చూపకూడదనీ, సంఘం పరువు బజారున పడుతుందనీ, క్షమించడమే క్రైస్తవమనీ గుర్తుకొస్తుంది. చిన్నవాడి తప్పు వేదికెక్కుతుంది, పెద్దవాడి తప్పు తలుపులు వేసుకుని సర్దుకుంటారు. కొత్త నిబంధన చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. ఈ తారుమారును సరిచేయకుండా, పాపంలో పడిన విశ్వాసితో కఠినంగా ఉండాలా మెత్తగా ఉండాలా అని వాదించుకోవడం దండగ.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన పద్ధతి చూడండి. తప్పు చేసిన సోదరుడి దగ్గరికి ముందు ఒక్కరే వెళ్లాలి, ఆ మాట ఇద్దరి మధ్యే ఉండాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా కాదంటే అప్పుడు అతణ్ణి బయటివాడిగా లెక్కించాలి. పెద్దల మీటింగుల్లో ఎక్కువగా వినిపించేది ఈ చివరి మెట్టే. మొదటి మెట్టుకు బోలెడు ఓపిక కావాలి, పైగా దానివల్ల ఎవరికీ పేరు రాదు. అందుకే కాబోలు దాన్ని దాటేసి నేరుగా చివరికి పోతుంటారు. ఈ పద్ధతి చెప్పడానికి ముందు అదే అధ్యాయంలో, తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ ఉంది. దాని వెనకాలే, తన కొండంత అప్పు మాఫీ చేయించుకుని తోటివాడి చిల్లర బాకీ కోసం పీక పట్టుకున్న సేవకుడి కథ ఉంది. ఈ రెండు కథల నడుమ ఉన్న నాలుగు వాక్యాల్ని మాత్రం పీకి శిక్షాస్మృతిగా వాడుకుంటే ఆ అధ్యాయాన్ని చదివినట్టు కాదు. ఇక సంఘపెద్దల సంగతి తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో వేరుగా ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దు. కానీ పాపం చేస్తున్నాడని తేలితే అందరి ఎదుటా గద్దించాలి, మిగతావాళ్లకూ భయముండాలి. ఆ వెంటనే పక్షపాతం పనికిరాదని గట్టి హెచ్చరిక. అంటే సామాన్యుడి విషయం ఇద్దరి మధ్య మొదలవ్వాలి, తేలిన పెద్దల విషయం సభలోకి రావాలి.

వెలివేతను సమర్థించేవాళ్లు చూపించే గట్టి ఆధారం కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒక అధ్యాయం. సవతి తల్లితో కాపురం చేస్తున్న ఒక మనిషిని మీ మధ్యనుంచి తీసేయండని పౌలు ఆ సంఘానికి రాసిన మాట నిజమే. అయితే ఆ అధ్యాయంలో ఆయన కోపం ఆ మనిషి మీద కన్నా, అది చూస్తూ గర్వంగా కూర్చున్న సంఘం మీదే ఎక్కువ. రెండో పత్రికలో ఇంకో మలుపు ఉంది. ఎక్కువమంది కలిసి వేసిన శిక్ష ఇక చాలు, అతణ్ణి క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని అక్కడ పౌలు బతిమాలుతున్నాడు. ఈ రెండూ ఒకే మనిషి గురించా, వేర్వేరు మనుషుల గురించా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. మన వాదనకు అది అడ్డుకాదు. ఎవరి మీద వేసిన శిక్ష అయినా దాన్ని ఆపాల్సిన రోజు ఒకటి ఉంటుందనీ, ఆ రోజును గుర్తుపట్టడం కూడా శిక్ష వేసిన సంఘం పనేననీ పౌలు అనుకున్నాడు. మన సంఘాల మినిట్స్ పుస్తకాల్లో ఫలానావారిని బల్లకు దూరం పెట్టడమైనది అని రాయడానికి ఉన్న శ్రద్ధ, ఎప్పటిదాకా అని రాయడానికి ఉండదు.

పడిపోయినవాళ్లను తిరిగి చేర్చుకోవాలా అన్న ప్రశ్న చర్చిని నిలువునా చీల్చిన కాలం ఒకటుంది. రోమన్ చక్రవర్తి డెసియస్ సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర పత్రం పుచ్చుకోవాలని ఆజ్ఞ జారీచేశాడు. క్రీ.శ. 250 నాటి ఆ పత్రాలు కొన్ని ఈజిప్టు ఇసుకలో పపైరస్ ముక్కలుగా దొరికాయి. కొందరు క్రైస్తవులు చిత్రహింసలు పడి చనిపోయారు. చాలామంది భయపడి బలి ఇచ్చారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీళ్లంతా ఏడుస్తూ సంఘం తలుపు తట్టారు. అప్పటి లెక్కలో విగ్రహారాధనను మించిన పాపం లేదు. రోములో నొవేషియన్ అనే పండితుడు వాళ్లను చేర్చుకోకూడదన్నాడు. వాళ్లు పశ్చాత్తాపపడాల్సిందే, దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు, కానీ చర్చికి మాత్రం ఆ అధికారం లేదన్నది అతని వాదం. మరోవైపు, జైళ్లలో హింసలకు నిలిచిన వీరుల దగ్గర సిఫారసు ఉత్తరాలు తెచ్చుకుని, మమ్మల్ని ఇప్పుడే చేర్చుకోండని పట్టుబట్టినవాళ్లున్నారు. సిఫారసు ఉత్తరం మన కాలపు రోగమే అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

కార్తేజ్ బిషప్పు సిప్రియన్ ఈ రెండు దారుల్లోనూ పోలేదు. 251లో బిషప్పుల సభ కూర్చోబెట్టి ఒక్కొక్క సంగతీ విడిగా చూశారు. పత్రం కొనుక్కున్నవాణ్ణీ, బలిపీఠం దగ్గరికి పరిగెత్తినవాణ్ణీ, చిత్రహింసల మధ్య చేయి వణికినవాణ్ణీ ఒకే గాటన కట్టలేదు. పత్రం మాత్రమే పుచ్చుకున్నవాళ్లను విచారించి చేర్చుకోవచ్చన్నారు. బలి ఇచ్చినవాళ్లు ఎక్కువకాలం పశ్చాత్తాపంలో ఉండాలన్నారు, చావు ముంచుకొస్తే మాత్రం అప్పుడే చేర్చుకోవాలన్నారు. ఒకటి రెండేళ్లకే ఇంకో హింస వచ్చే సూచనలు కనిపించినప్పుడు పశ్చాత్తాపంలో నిలకడగా ఉన్నవాళ్లందరినీ చేర్చేసుకున్నారు. ఆయుధం లేకుండా సైనికుణ్ణి యుద్ధానికి పంపలేం కదా అన్నది వాళ్ల తర్కం. నిబంధన మనిషి కోసం మారింది. నొవేషియన్ మాత్రం ఏ దారీ ఇవ్వకుండా వేరు కుంపటి పెట్టుకున్నాడు. అతని జీవితం శుభ్రమైనదే, వేదాంతం గొప్పదే. అయినా ప్రధాన చర్చి అతని మాట పట్టుకోలేదు. 325లో నైసియా మహాసభ చేసిన ఎనిమిదో నియమం ప్రకారం నొవేషియన్ అనుచరులు తిరిగి రావాలంటే, పడిపోయి లేచినవాళ్లతో కలిసి సంస్కారం పుచ్చుకుంటామని రాసివ్వాల్సి వచ్చింది. నా ఉద్దేశంలో ఆ మూడో శతాబ్దపు తీర్పు పూర్తిగా అమలు కాలేదు. రోములో ఓడిపోయిన నొవేషియన్ మన పెద్దల కమిటీల్లో ఇంకా గెలుస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చే దారి ఉందని ముందే తెలిస్తే జనం పాపానికి తెగిస్తారు కదా అన్న అభ్యంతరం పాతదే. వ్యభిచారుల్ని కూడా పశ్చాత్తాపం తర్వాత చేర్చుకుంటామన్న ఒక బిషప్పును టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత ఎంత వెటకారంగా దులిపేశాడో మూడో శతాబ్దపు మొదటి భాగం నాటి రచనలోనే చదవొచ్చు. దీనికి జవాబు నైసియా నియమాల్లోనే ఉంది. ప్రాణభయం గానీ ఆస్తి నష్టం గానీ లేకుండానే విశ్వాసం వదిలేసినవాళ్లకు ఆ సభ పెట్టిన గడువు మొత్తం పన్నెండేళ్లు: మూడేళ్లు వాక్యం వినేవాళ్ల మధ్య, ఏడేళ్లు సాష్టాంగపడేవాళ్ల మధ్య, రెండేళ్లు సంస్కారం లేకుండా ప్రార్థనల్లో. దీన్ని ఎవరూ చవకబారు క్షమాపణ అనలేరు. ఆ వెంటనే వచ్చే నియమంలో, ఇంకో రకంగా పడిపోయినవాళ్ల గురించి చెబుతూ, మనిషి నిజంగా మారాడని కనిపిస్తే బిషప్పు వాళ్ల గడువు తగ్గించవచ్చని ఉంది. కఠినత్వానికీ దారి తెరిచి ఉంచడానికీ వాళ్లకు పేచీ కనిపించలేదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళి ఇంకో అడుగు ముందుకేసింది. ఒక సన్యాసిని భోజనాల బల్లకూ ప్రార్థనకూ దూరం పెట్టినప్పుడు, మఠాధిపతే అనుభవమున్న పెద్దవాళ్లను గుట్టుగా అతని దగ్గరికి పంపాలి, వాళ్లు అతణ్ణి ఓదార్చి దిగిరావడానికి సాయపడాలి. కొరింథుకు పౌలు రాసిన మాటనే బెనెడిక్ట్ అక్కడ ఆధారంగా చూపాడు. మఠం వదిలి వెళ్లిపోయినవాణ్ణి మూడుసార్ల దాకా మళ్లీ చేర్చుకోవచ్చన్నాడు. శిక్ష వేసినవాడే ఓదార్పును కూడా ఏర్పాటు చేయాలన్న ఆలోచన మన సంఘాల్లో ఎంతమందికి వచ్చి ఉంటుంది? మన దగ్గర బల్ల ఆగిన మనిషి ఇంటికి ఆ వారం నుంచి పాస్టర్‌గారి రాక కూడా ఆగిపోతుంది.

తెలుగు క్రైస్తవులకు ఈ విషయంలో మరో బాధ్యత ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆ తర్వాత కోస్తాలోనూ తెలంగాణలోనూ సంఘాలు కట్టింది ప్రధానంగా మాల, మాదిగ కుటుంబాలే. ఊరి బయట వెలివాడలో బతుకుతూ, బావి దగ్గరికీ గుడి దగ్గరికీ రానివ్వని ఊరిని తరతరాలుగా చూసినవాళ్లు వాళ్లు. మాట్లాడొద్దు, పెళ్లికి పిలవొద్దు, చావుకు వెళ్లొద్దు అని ఊరు వేసే కట్టడి ఎలా ఉంటుందో వాళ్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అలాంటి సంఘం తన మనిషి మీద అదే కట్టడిని ప్రయోగిస్తే, సమాధుల తోటలో చోటు కూడా ఇవ్వనంటే, దాన్ని బైబిలు నుంచి నేర్చుకున్నామని చెప్పుకోవడం కష్టం. సంస్కారం ఆపడం వేరు, మనిషికి బతుకు లేకుండా చేయడం వేరు. చట్టం కూడా ఈ గీత దగ్గర చాలాకాలంగా తడబడుతోంది. మతబహిష్కరణను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో తెచ్చిన చట్టాన్ని, దావూదీ బోహ్రాల మతగురువు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణకు వ్యతిరేకంగా కొత్త చట్టం చేసింది. 1962 నాటి తీర్పును మళ్లీ చూడాలా అన్న ప్రశ్నను 2023లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనానికి నివేదించింది. కోర్టులు ఏం తేల్చినా సంఘాలు ఆ గీతను సొంతంగా గీసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

మీలో పాపం లేనివాడు ముందు రాయి వేయాలన్న ఘట్టం ఉంది కదా, అలాంటప్పుడు అసలు క్రమశిక్షణే ఎందుకు అని మెత్తని మనసున్నవాళ్లు అడుగుతారు. ఆ కథలో నిలబెట్టింది ఏ బలమూ లేని ఒక ఆడమనిషిని, నిలబెట్టినవాళ్లు అధికారం చేతిలో ఉన్నవాళ్లు. ఆమెతో పట్టుబడాల్సిన మగవాడు ఆ కథలోనే లేడు. అలాంటి కథను పలుకుబడి ఉన్న ప్రసంగీకుడికి డాలుగా పట్టుకోవడం కన్నా పెద్ద వక్రీకరణ ఉండదు. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రవి జకరయ్యస్ సంగతి చూస్తే చాలు. 2017లో ఒక మహిళ ఆయనపై ఆరోపణ చేసినప్పుడు ఆయన సంస్థ ఆయన మాటే నమ్మింది. 2020 మేలో ఆయన మరణించాక మరిన్ని ఆరోపణలు బయటికొచ్చాయి. సంస్థే ఒక లా ఫర్మ్‌తో విచారణ చేయిస్తే, ఆయన ఏళ్ల తరబడి లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని 2021 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. మొదటి ఫిర్యాదును పక్షపాతం లేకుండా విని ఉంటే, బతికుండగా పశ్చాత్తాపపడే అవకాశం ఆయనకే దక్కేది. పెద్దవాణ్ణి కాపాడామనుకున్నవాళ్లు ఆయనకు చేసింది మేలేమీ కాదు. దీనికి భిన్నంగా, 390లో థెస్సలొనీకలో ఊచకోత చేయించిన థియోడోసియస్ చక్రవర్తికి మిలాన్ బిషప్పు ఆంబ్రోస్ ముందు రహస్యంగా ఉత్తరం రాశాడు, సంస్కారం ఇవ్వనన్నాడు. చక్రవర్తి జనం మధ్య పశ్చాత్తాపం చూపాడు, నెలల్లోనే మళ్లీ చేర్చుకున్నారు. సింహాసనం మీదున్నవాడికి ఆ కాలంలో మినహాయింపు దొరకలేదు.

పశ్చాత్తాపపడిన పాస్టరు మళ్లీ ప్రసంగపీఠం ఎక్కొచ్చా అన్న ప్రశ్నకు సిప్రియన్ ఉత్తరాల్లోనే ఉదాహరణ ఉంది. హింసలో పడిపోయిన ట్రోఫిమస్ అనే మతాధికారి తనవెంట ఉన్నవాళ్లతో సహా తిరిగొస్తే, రోము బిషప్పు కొర్నేలియస్ చేర్చుకున్నాడు, అయితే మామూలు సభ్యుడిగా. క్షమాపణ దొరికింది, పదవి దొరకలేదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడలేకపోవడం వల్లే మన దగ్గర సగం గందరగోళం. క్షమించారు కాబట్టి మైకు ఇవ్వాలంటాడొకడు, మైకు ఇవ్వలేం కాబట్టి మొహమే చూడొద్దంటాడు ఇంకొకడు. ఇక పాపం నేరం కూడా అయినచోట సంఘానికి అసలు ఎంపిక లేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇద్దరి మధ్య మాట్లాడుకోవాలన్న మత్తయి 18వ అధ్యాయాన్ని ఇక్కడ అడ్డం పెట్టుకోకూడదు. అది సోదరుణ్ణి సంపాదించుకునే పద్ధతి, బాధితురాలి నోరు మూయించే పద్ధతి దాంట్లో ఎక్కడా లేదు. నేరం చేసినవాడు జైలునుంచి వచ్చి నిజంగా మారితే ఆరాధనలో చివరి బెంచీ మీద కూర్చోవచ్చు, ప్రభువు బల్ల కూడా పుచ్చుకోవచ్చు. అది ఏ మందిరంలో అన్నది మాత్రం గాయపడ్డ కుటుంబాన్ని అడిగాకే తేల్చాలి, సండే స్కూలు పిల్లల చుట్టుపక్కలకు అతణ్ణి ఎన్నడూ రానివ్వకూడదు.