చక్రమునకు జీర్ణోద్ధరణ

శిథిలమైనదానిని ఉద్ధరించుట మనవారికి క్రొత్త విద్య కాదు. గుడి గోపురము నెఱ్ఱె విచ్చినచో జీర్ణోద్ధరణము చేయించిరి. ఇత్తడి గిన్నెకు చిలుము పట్టినచో కళాయి పోయించిరి. బండిచక్రపు పట్టా వదులైనచో దానిని కాల్చి, చక్రమునకు తొడిగి, నీరు పోసి బిగించిరి. నేడు ఈ వరుసలోనికి మఱియొక వస్తువు వచ్చి చేరినది. అది కారునకు అమర్చు అల్యూమినియపు చక్రము. వాడుకలో అల్లాయ్ చక్రము.

పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచి వద్ద, ఏటికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యముతో నిర్మించిన కియా కర్మాగారములో 2019వ సంవత్సరమున ఉత్పత్తి మొదలైనది. హిందూపురము, ధర్మవరము విద్యార్థులకు కారు ఇప్పుడు పొరుగూరి వస్తువు. దాని చక్రమును గూర్చి తెలిసికొనుట పాఠశాలకు వెలియైన విషయ మనరాదు.

అల్యూమినియము ఇనుముతో పోల్చినచో ఇంచుమించు మూడవవంతు బరువు గలది. గాలి తగిలినంతనే దానిపై పలుచని ఆక్సైడు పొర యేర్పడి లోహమును కాపాడును. మన ఇండ్లలోని సత్తుగిన్నెలు ఏండ్ల తరబడి నిలుచుట ఇందువలననే. చక్రమునకు ఇదిగాక రంగును, దానిపై వార్నిషు పూతయు ఉండును. రాయి తగిలియో, గట్టు అంచు రాచుకొనియో ఆ పూత చీలినచో తడి లోనికి చొచ్చును. తెల్లని చిలుము పూతక్రింద పురుగువలె ప్రాకును.

దీనిని బాగుచేయుటకు ఓర్పు కావలెను. టైరును విప్పి, జిడ్డు కడిగి, పాత రంగును మందుతోనో, ఇసుక చిమ్మియో తొలగింతురు. ముతక గరుకుకాగితముతో మొదలిడి సన్నని కాగితము వఱకు క్రమముగా రుద్దుదురు. అటుపై ప్రైమరు, రంగు, వార్నిషు ఒకదానిపై నొకటి పూసి ఆరబెట్టుదురు. నడుమ ఏ మెట్టు దాటవేసినను కొన్నాళ్లకే పూత పొరలుగా లేచును.

గీతలకు ఈ చికిత్స చాలును. బీటకు చాలదు. ఈ చక్రములలో పెక్కింటిని అల్యూమినియమునకు సిలికాను, కొలదిగా మెగ్నీషియము కలిపి పోతపోయుదురు. పిమ్మట సుమారు 540 డిగ్రీల వేడిలో ఉంచి, వెంటనే చల్లార్చి, మరల తక్కువ వేడిలో నిలిపి గట్టిపఱతురు. చక్రపు బలములో అధికభాగము ఆ సంస్కారము వలన కలిగినదే. బీటను వెల్డింగు చేసినప్పుడు ఆ చుట్టుపట్ల లోహము మరల మెత్తబడును. దానిపై రంగు పూసినచో చూపునకు క్రొత్త చక్రమే!

ధర్మవరపు నేతగాడు తెగిన పోగును ముడివేసి, ముడి కానరాకుండ నేయును. అది మెచ్చదగిన నేర్పు. బీటను అతికి కానరాకుండ చేయుట మాత్రము వంచన. చీర చిరిగినచో పోవునది చీర. 44వ జాతీయ రహదారిపై పరుగిడు కారు చక్రము పగిలినచో పోవునవి ప్రాణములు.

ఈ వంచనకు పనివానినొక్కనినే నిందించుట న్యాయము కాదు. మనము పూసినందుకు కూలి యిత్తుము. పరీక్షించి చూచినందుకు ఈయము. "ఇది బాగుపడదు" అని నిజము చెప్పినవాడు ఆనాటి కూలి పోగొట్టుకొనును. చూచుటయు ఒక విద్యయే. చీలికలోనికి చొచ్చు రంగుద్రవమును పూసి, తుడిచి, పైన తెల్లని పొడి చల్లినచో కంటికానని బీట గీతవలె బయటపడును. ఇట్టి పరీక్షకు వేరుగా కూలి యిచ్చుట, చేసిన పనిని కాగితముపై వ్రాయించి తీసికొనుట యజమానుల ధర్మము.

బీటవాఱిన చక్రము వ్యర్థమగునని ఎవరును చింతింపనక్కఱలేదు. ఖనిజమునుండి క్రొత్త అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో నూటికి 5 పాళ్లతోనే పాతలోహమును కరగించి మరల వాడుకొనవచ్చును. అట్టి చక్రమునకు కొలిమియే జీర్ణోద్ధరణము.

ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. ఆక్సీకరణము, మిశ్రమలోహములు అను పాఠములు చెప్పునప్పుడు ఒక పాత చక్రమును తరగతిలోనికి తెప్పింపుడు. దానిలో గీత యేదో, బీట యేదో పిల్లలచేతనే గుర్తింపజేయుడు. రేపు వారు కారు కొనినను, కారు బాగుచేసినను, "ఏమి పూసితివి?" అనుటకు ముందు "ఏమి చూచితివి?" అని అడుగుట నేర్తురు.